షుగరు ఉన్నవారి ఎముకలు

అందరికీ నమస్కారం.

ఈ సీసాలో ఉన్నది కోడి కాలి ఎముక. వారం రోజులు వెనిగర్‌లో నానబెట్టాను. ఇప్పుడు వంచుతున్నాను, చూడండి. రబ్బరు గొట్టంలా వంగుతోంది గానీ విరగడం లేదు. ఇందులోని కాల్షియాన్ని ఆమ్లం లాగేసింది. మిగిలింది కొల్లాజెన్ అనే ప్రొటీను. ఇదే ఎముకను నిప్పుల్లో వేసి ఉంటే కథ తిరగబడేది: కొల్లాజెన్ కాలిపోయి, ఆకారం అలాగే ఉండి, వేలితో నొక్కగానే పొడి అయ్యేది. గట్టిదనం కాల్షియానిది. దెబ్బకు కాస్త సాగి తట్టుకునే గుణం కొల్లాజెన్‌ది. ఎముకలనగానే మనమంతా కాల్షియం మాటే ఎత్తుతాం. టైప్ 2 షుగరు మాత్రం ఎక్కువగా ఈ రెండోదాని జోలికి వెళ్తుంది.

హెచ్‌బీఏ1సీ పరీక్ష మీలో చాలామంది చేయించుకునే ఉంటారు. రక్తంలోని గ్లూకోజు ఏ ఎంజైము సాయం లేకుండానే హీమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. అలా అంటుకున్నది ఎంత శాతమో చూసి గత రెండు మూడు నెలల సగటు చెబుతారు. అంతకు ముందుది ఎందుకు చెప్పలేరు? ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులే. అది పోతే దానికి అంటిన చక్కెరా పోతుంది.

అదే గ్లూకోజు ఎముకలోని కొల్లాజెన్‌కూ అంటుతుంది. కొల్లాజెన్ అంత తొందరగా పోయేది కాదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అంటిన చక్కెర మెల్లగా రూపం మార్చుకుని పక్కపక్క పోగులను ముడివేస్తుంది. వీటిని ఏజీఈలంటారు. ముడిపడ్డ పోగు సాగదు. దాంతో దెబ్బను మింగాల్సిన ఎముక చిట్లుతుంది. పైగా పాత ఎముకను తవ్వి కొత్తది పోసే పని షుగరులో మందగిస్తుంది. రోజువారీ నడకలో పడే సన్నని పగుళ్లు పూడకుండా మిగిలిపోతాయి. అయిదేళ్ల కిందటి షుగరు నిన్నటి రక్తపరీక్షలో కనబడదు. ఎముకలో మాత్రం ఉంటుంది.

ఇక డెక్సా స్కాన్, అంటే ఎముకల సాంద్రతను కొలిచే ఎక్స్‌రే పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న యువతతో పోల్చి అది ఇచ్చే అంకె టీ-స్కోరు. అది మైనస్ 2.5, అంతకన్నా కిందికి దిగితే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు. టైప్ 2 ఉన్నవారిలో ఈ సాంద్రత మామూలుగానే వస్తుంది, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. అయినా వారికి తుంటి ఎముక విరిగే ముప్పు మిగతావారికన్నా ఎక్కువ. అందుకే 'డెక్సా నార్మల్, ఇక భయం లేదు' అనే మాట నాకు గిట్టదు. ఆ మెషీను చూసేది ఖనిజం ఎంతుందన్నదే. పోగులు సాగుతాయో లేదో దానికి తెలియదు. పదేళ్లలో ఎముక విరిగే అవకాశాన్ని లెక్కకట్టే ఫ్రాక్స్ 2008లో వచ్చింది. దాని అసలు ప్రశ్నల్లో టైప్ 2కి గడే లేదు. కొందరు డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బు గడిలో టిక్కు పెట్టి సర్దుకుంటారు. లేని జబ్బు రాస్తే గానీ ఉన్న జబ్బుకు లెక్క కుదరదన్నమాట!

టైప్ 1 సంగతి వేరు. ఇందులో ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే దాదాపు ఆగిపోతుంది, తరచు చిన్న వయసులోనే. ఎముక కట్టే కణాలకూ ఇన్సులిన్ కావాలి. ఎముకలు ఎదిగే వయసులోనే అది కరువైతే సాంద్రతే తగ్గుతుంది. తుంటి విరిగే ముప్పు టైప్ 2 కన్నా వీరికే బాగా ఎక్కువ.

ఎముక ఎలా ఉన్నా, పడితేనే కదా విరిగేది. రాత్రి రెండింటికి మూత్రానికి లేస్తారు. పాదాలకు స్పర్శ సరిగా లేదు, గడప తగిలిన సంగతి కాలికి ఆలస్యంగా తెలుస్తుంది. రెటీనా దెబ్బతిన్న కంటికి ఆ చీకట్లో ఏమీ ఆనదు. మందు ఎక్కువై షుగరు పడిపోయి ఉంటే కళ్లు తిరుగుతాయి. లేచి నిలబడగానే బీపీ జారే వాళ్లూ ఉన్నారు. ఇన్ని ఒకేసారి కలిసొచ్చేది ఆ నాలుగడుగుల దూరంలోనే. మంచం పక్కన చిన్న లైటు పెట్టుకోమని నేను ప్రతిసారీ చెబుతాను, వినేవాళ్లు నవ్వుతారు.

షుగరు మందుల మాట ఒక్కటి. పయోగ్లిటాజోన్ వర్గం మందులు మజ్జలోని మూలకణాలను ఎముక వైపు కాకుండా కొవ్వు వైపు మళ్లిస్తాయి. 2006లో అడాప్ట్ అనే పెద్ద పరిశీలనలో, అదే వర్గానికి చెందిన రోసిగ్లిటాజోన్ వాడిన ఆడవాళ్లలో ఎముకలు విరగడం ఎక్కువగా కనిపించింది. షుగరుకే వాడే మరో మందు మెట్‌ఫార్మిన్‌కు ఆ చెడ్డపేరు లేదు. ఇది విని ఇంటికెళ్లి మాత్ర ఆపేయకండి, డాక్టరును అడగండి.

వెన్నుపూస నలిగితే చాలాసార్లు నొప్పే ఉండదు. మనిషి కాస్త కుదించుకుపోతాడు, అంతే. వయసులో ఉన్నప్పటి ఎత్తుకన్నా నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే వెన్ను ఎక్స్‌రే తీయించాలి. ఎత్తు కొలిచే బల్ల తలుపు పక్కనే పెట్టించాను. వెళ్లేటప్పుడు చెప్పులు విడిచి ఒకసారి నిలబడి వెళ్లండి.