దువ్వెన గీతలు పోయాయి, ఉయ్యాల ఊపు కూడా పోయింది! వీడియో కన్వర్టర్ రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కన్వర్టర్ లైసెన్స్ నాకు కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చారు. ఇప్పుడు నేను తిట్టబోతున్నానని వాళ్లకు తెలియదు. ఏ ఫార్మాట్లు తీసుకుంటుంది, ఎంత స్పీడు అన్నవి మీరు ఈపాటికే చూసి ఉంటారు. నేరుగా డీఇంటర్లేసింగ్‌కి, అంటే సగం సగంగా తీసిన బొమ్మల్ని పూర్తి ఫ్రేములుగా మార్చే పనికి వెళ్దాం.

నా టెస్ట్ క్లిప్ ఎప్పుడూ ఒకటే. మా అక్క కూతురు ఉయ్యాల ఊగుతున్న పాత మినీడీవీ టేప్. ఇక్కడ ఆపాను చూడండి. చేతి అంచున దువ్వెన పళ్లలా గీతలు! టేప్ పాడైందనుకోకండి. పాల్ (మన పాత టీవీ పద్ధతి) కెమెరా సెకనుకు 50 సార్లు సగం సగం బొమ్మ తీస్తుంది. ఒకసారి బేసి లైన్లు, ఒకసారి సరి లైన్లు. ఈ సగాల్నే ఫీల్డులంటారు: బేసి లైన్లది పై ఫీల్డు, సరి లైన్లది కింది ఫీల్డు. ఈ సగానికీ ఆ సగానికీ మధ్య ఉయ్యాల కదిలిపోతుంది. రెండూ ఒకే ఫ్రేములో అతికిస్తే ఇదిగో, ఇలా ఉంటుంది.

సరే, 'ఆటో' నొక్కాను. గీతలు శుభ్రంగా పోయాయి. కానీ ప్లే చేస్తే ఉయ్యాల గతుకుల రోడ్డెక్కింది! ఏమిటా అని చూస్తే 25 ఫ్రేములే ఇచ్చింది. అంటే కెమెరా పట్టిన కదలికలో సగం చెత్తబుట్టలోకి. 50 ఫ్రేములిచ్చే ఆప్షన్ ఉంది, లేదనడం లేదు. మూడు మెనూల కింద దాచారు! ఎందుకండీ? ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో టూల్‌లో, యాడిఫ్ అనే డీఇంటర్లేస్ ఫిల్టర్‌కి మోడ్ 1 అని పెడితే ఇదే పని అయిపోతుంది. అందులోదే ఇంకో ఫిల్టర్, బీడబ్ల్యూడిఫ్ అయితే నా కంటికి ఇంకొంచెం నయం. ఇంతకుముందు క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేస్ స్క్రిప్ట్ వాడేవాణ్ణి. సన్న గీతలు మినుకుమినుకుమనకుండా అది చేసినట్టు ఇంకేదీ చేయలేదు గానీ, నా పాత కంప్యూటర్‌లో రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారినా అయ్యేది కాదు.

ఇంకోటి. డీవీలో కింది ఫీల్డు ముందు వస్తుంది. ఈ కన్వర్టరేమో పై ఫీల్డు ముందనుకుంది. దాంతో పాప రెండడుగులు ముందుకు, ఒకడుగు వెనక్కి! చేత్తో మార్చాకే కుదిరింది. సైజు మార్చడం మాత్రం డీఇంటర్లేస్ అయ్యాకే చేయండి. ముందే మారిస్తే లైన్లు కలిసిపోతాయి, ఆ గీతల్ని ఇక ఏ ఫిల్టరూ సరిగ్గా విడదీయలేదు.

అన్నీ సరిచేశాక రిజల్ట్ బాగుంది, కాదనను. కానీ ఇవన్నీ నేనే సరిచేసుకోవాలంటే డబ్బు పెట్టి కొనడం దేనికి? నేను మళ్లీ బీడబ్ల్యూడిఫ్‌కే వెళ్లిపోయా. ఆ కమాండ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, తీసుకోండి.