ఫెర్రెట్ పేరును విడదీసి చదువుదాం

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు గల ఈ జంతువును చూడగానే మనలో చాలామంది ముంగిస అనుకుంటారు. ఇది ఫెర్రెట్. ముంగిస వేరే కుటుంబానికి చెందిన వన్యప్రాణి. దానిని పట్టి పెంచడం మన దేశంలో నేరం. కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్క ఫెర్రెట్‌కు దగ్గరి బంధువు.

ఇప్పుడు దీని శాస్త్రీయ నామం చూడండి: ముస్టెలా పుటోరియస్ ఫ్యూరో. ముస్టెలా అనేది వీజెల్ అనే చిన్న వేటజంతువుకు లాటిన్ పేరు. పుటోరియస్ అనే మాట దుర్వాసనను సూచిస్తుంది. బెదిరినప్పుడు తోక మొదట్లోని గ్రంథుల నుంచి ఘాటైన వాసన వదిలే యూరప్ పోల్‌క్యాట్ అనే అడవి జంతువుకు ఆ పేరు పెట్టారు. ఫెర్రెట్ ఆ పోల్‌క్యాట్ నుంచి మనుషుల పెంపకంలో రూపుదిద్దుకున్న జీవి.

అసలు చర్చంతా ఫ్యూరో దగ్గరే ఉంది. లాటిన్‌లో ఫుర్ అంటే దొంగ. దాని నుంచే ఫ్రెంచిలో ఫ్యూరే, ఇంగ్లీషులో ఫెర్రెట్ అనే పేర్లు వచ్చాయి. అయితే 7వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ నగర బిషప్ ఇసిడోర్ ఈ పేరును చీకటి అనే అర్థం గల ఫుర్వుస్‌తో ముడిపెట్టి, ఇది చీకటి సొరంగాలు తవ్వి వేటను బయటికి తరుముతుంది కనుక ఆ పేరు వచ్చిందని వివరించాడు. భాషా చరిత్ర దొంగ వైపే మొగ్గుతుంది కాని, ఈ జంతువు చేసే పనిని ఇసిడోర్ వివరణే సరిగ్గా పట్టుకుందని నా అభిప్రాయం.

ఆ పని చాలా పాతది. స్పెయిన్‌లో కుందేళ్ల బెడద గురించి రాస్తూ గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, లిబియా నుంచి తెచ్చిన ఒక జంతువు మూతికి చిక్కం కట్టి బొరియల్లోకి వదిలేవారనీ, అది కుందేళ్లను గోళ్లతో లాక్కొచ్చేదనీ, లేదా బయట కాచుకున్న వేటగాళ్ల వైపు తరిమేదనీ చెప్పాడు. ఆ జంతువు ఫెర్రెటేనని చాలామంది పండితులు భావిస్తారు. చిక్కం ఎందుకంటే, బొరియలోనే కుందేలును చంపి తింటే ఫెర్రెట్ అక్కడే పడుకుని నిద్రపోతుంది.

ఇళ్లలో పెరిగే ఫెర్రెట్ తాళంచెవులు, మేజోళ్లు ఎత్తుకెళ్లి మంచం కింద దాచడం చూసి దొంగ అనే పేరు సరిపోయిందంటారు. దొరికిన ఆహారాన్ని గూట్లో నిల్వ చేసుకునే వేటజంతువు స్వభావం అది. దానికి కోప్పడడం అన్యాయం.

పెంచుకునేవారు రెండు విషయాలు తప్పక గుర్తుంచుకోవాలి. ఇది పూర్తిగా మాంసాహారి, అన్నం, కూరగాయలతో బతకలేదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీనికి దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే కనుక టీకా తప్పనిసరి. అమెరికాలోని కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో ఫెర్రెట్‌ను పెంచడం నిషిద్ధం కాబట్టి అక్కడ స్థిరపడిన మనవారు దీనిని కొనే ఆలోచన పెట్టుకోవద్దు.