'ఇది పాపమా, కాదా?' అని అడిగే ముందు

పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ప్రభువు పేరిట వందనాలు.

యౌవనస్థులు రాసిచ్చిన చీటీలను నిర్వాహకులు నిన్ననే నా చేతికి ఇచ్చారు. రాత్రి కూర్చుని అన్నీ చదివాను. సినిమాలు చూడొచ్చా? టాటూ వేయించుకోవచ్చా? ఆఫీసు పార్టీలో అందరూ తాగుతుంటే వాళ్ల పక్కన కూర్చోవచ్చా? వేరే మతం స్నేహితురాలి ఇంట్లో పూజ చేసి పెట్టింది తినొచ్చా? ఏఐతో ప్రార్థన రాయించుకుంటే దేవుడు వింటాడా? చేతిరాతలు వేరు గానీ అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: 'ఇది పాపమా, కాదా?' ఒక్క చీటీ మాత్రం వేరుగా ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

టాటూ గురించి అడిగిన తమ్ముడికి ముందే చెప్పేస్తాను. లేవీయకాండం 19:28 తీసి, వచనం మొత్తం చదువు. చచ్చినవారి కోసం దేహాన్ని చీరుకునే ఆచారం గురించి కూడా అందులోనే ఉంది. అది అర్థమయ్యాక మీ అమ్మను అడుగు. నాకంటే ఆవిడ దగ్గర నీకు గట్టి జవాబు దొరుకుతుంది.

నవ్వకండి. నిజానికి మనందరికీ కావలసింది ఒక జాబితా. ఇవి చేయొచ్చు, ఇవి చేయకూడదు అని పాస్టర్ గారు రాసి గోడకు అంటిస్తే మన టెన్షన్ తగ్గుతుంది. పొరపాటు జరిగినా అది ఆయన ఖాతాలో పడుతుంది.

రోమా 12:2 మనలో చాలామందికి కంఠతా వచ్చు. "ఈ లోక మర్యాదను ననుసరింపక" అనే చోట మన గొంతు పెరుగుతుంది. ఇప్పుడు మర్యాద అంటే మనకు మన్నన, గౌరవం. పాత తెలుగులో హద్దు, పద్ధతి అనే అర్థాలు కూడా ఉన్నాయి. లోకం నడిచే తీరు అని ఇక్కడ భావం. ఆ ముక్క పట్టుకుని జుట్టు దగ్గర్నుంచి చెప్పుల దాకా ప్రసంగాలు చేశాం, నేనూ చేశాను. అదే వచనంలో కాస్త ముందుకెళ్తే దేవుని చిత్తమేదో "పరీక్షించి తెలిసికొనునట్లు" అని ఉంది. దాని మీద ప్రసంగం విన్న గుర్తు నాకు లేదు. గ్రీకులో ఆ 'పరీక్షించడం' అనే మాటను లోహం అసలుదో నకిలీదో తేల్చడానికి వాడేవారు. గీటురాయి మన చేతికే ఇచ్చాడు ఆ పత్రిక రాసిన అపొస్తలుడు పౌలు. గీసి చూసే పని మాత్రం మనం ఇంకొకరి మీదకు నెడుతున్నాం.

గ్రీసు దేశంలోని కొరింథు సంఘంవాళ్లు కూడా పౌలుకు చీటీలు పంపారు. "మీరు వ్రాసినవాటి విషయము" అంటూ మొదటి పత్రిక 7వ అధ్యాయం మొదలవుతుంది కదా. వాళ్ల ప్రశ్నల్లో ఒకటి విగ్రహాలకు బలి ఇచ్చిన మాంసం గురించి. ఆ ఊరి సంగతి కొంచెం తెలిస్తే ఆ ప్రశ్న ఎంత బరువైనదో తెలుస్తుంది. క్రీ.పూ. 146లో రోమన్లు పాత కొరింథును నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని మళ్లీ కట్టించాలని నిర్ణయించి, బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లను, ఇంకా బతుకుతెరువు వెతుక్కునేవాళ్లను అక్కడికి పంపించాడు. రేవు పట్టణం, వ్యాపారం జోరు. అలాంటి చోట పైకి రావాలంటే పరిచయాలు కావాలి. పరిచయాలు విందుల్లో కలుస్తాయి, విందులు చాలాసార్లు ఆలయాల్లోనే జరిగేవి. ఈజిప్టులో దొరికిన పపైరస్ ముక్కల్లో, అంటే ఆనాటి కాగితాల్లో, 'సెరాపిస్ ప్రభువు బల్ల దగ్గర భోజనానికి రండి' అని ఆ దేవుడి పేరిట పిలిచే ఆహ్వానాలు ఉన్నాయి. మన శుభలేఖల్లాంటివే. అలాంటి పిలుపు కాదంటే ఒక పూట భోజనంతో పోదు. బేరాలు పోతాయి, బంధుత్వాలు పోతాయి. ఆఫీసు పార్టీ గురించి రాసిన చెల్లీ, నీ కష్టం పౌలుకు కొత్త కాదు.

సంఘంలో రెండు పక్షాలు లేచాయి. విగ్రహం వట్టిదని తెలిసినవాళ్లు నిశ్చింతగా తిన్నారు. నిన్నటి దాకా అదే విగ్రహానికి మొక్కినవాళ్లకు ఆ ముద్ద నోట్లో పెట్టుకోగానే వదిలేసి వచ్చిన బతుకంతా తిరిగొచ్చేది. వాదనలో మొదటి పక్షానిదే పైచేయి, పౌలు కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూనే, "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అంటాడు. ఆ తర్వాత అతను ఇచ్చిన జవాబు చూడండి. అంగట్లో అమ్మే మాంసమైతే ఏమీ అడక్కుండా కొనుక్కో. అవిశ్వాసి ఇంటికి పిలిస్తే వెళ్లు, పెట్టింది తిను. 'ఇది బలి ఇచ్చింది' అని అక్కడే ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినకు. విగ్రహారాధనలో పాలు పంచుకునే బల్ల దగ్గర మాత్రం అసలు కూర్చోకు. మాంసం ఒకటే. బల్ల మారింది, పక్కన కూర్చున్న మనిషి మారాడు, జవాబూ మారింది. దీన్ని ఏ జాబితాలో ఇరికిస్తారు?

అంటే పౌలు గీటురాయి మీద గీసి చూసేది వస్తువును కాదు. నేను చేసే పని భారం ఎవరి నెత్తిన పడుతోంది, అక్కడున్న బలహీనుడెవరు అని చూస్తున్నాడు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచను. 'బలహీన సహోదరుడు' అనే మాటను సంఘాల్లో ఎక్కువగా వాడుకున్నది బలవంతులే. దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్‌డ్ సంఘంలో తెల్లవారు, నల్లవారు కలిసి ప్రభువు బల్లలో పాల్గొనవచ్చా అనే గొడవ వచ్చింది. 1857లో వారి సినడ్, అంటే సంఘ ప్రతినిధుల మహాసభ, ఒక తీర్మానం చేసింది. అందరూ కలిసి ఆరాధించడమే మంచిది, లేఖనానుసారం కూడా అదే అని అందులో రాశారు. రాసి, 'కొందరి బలహీనత' వల్ల అది కుదరని చోట వేరే భవనంలో పెట్టుకోవచ్చన్నారు. బలహీనత ఎవరిది? నల్లవాడి పక్కన కూర్చుని అదే రొట్టె తినలేని తెల్లవాడిది. 1881 నాటికి వేరే భవనం కాస్తా వేరే సంఘమే అయింది. ఆ వేరుపడిన సంఘమే నూరేళ్ల తర్వాత, 1982లో, దేవుడు అణగారినవారి పక్షాన నిలుస్తాడని చెప్పే బెల్‌హార్ విశ్వాస ప్రకటనను రూపొందించి, 1986లో స్వీకరించింది. లేఖనం తెలిసీ, అది కాగితం మీద రాసీ, పక్కనే మినహాయింపు రాసుకోవడం నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. అందుకే సంఘంలో ఎవరైనా 'నాకు అభ్యంతరం' అన్నప్పుడు, ఆయన కూర్చున్నది ముందు వరుసలోనా, గుమ్మం దగ్గరా అని చూడటం నాకు అలవాటైపోయింది. పౌలు చెప్పిన బలహీనుడికి అభ్యంతరం చెప్పే ధైర్యం కూడా ఉండదు.

బయటివాళ్ల కళ్లకు మనం ఎలా కనబడ్డామో చెప్పే పాత ఉత్తరం ఒకటుంది. క్రీ.శ. 112 ప్రాంతంలో ఇప్పటి టర్కీలో ఉన్న బితూనియ ప్రాంతాన్ని ఏలిన ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తి ట్రాజన్‌కు రాసింది. క్రైస్తవుల రహస్యం రాబట్టాలని సంఘంలో సేవకురాళ్లుగా ఉన్న ఇద్దరు దాసీలను చిత్రహింసలు కూడా పెట్టించాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారు, దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని, మాట తప్పబోమని, నమ్మి దాచమని ఇచ్చిన సొమ్ము అడిగినప్పుడు లేదనబోమని ఒట్టు పెట్టుకుంటారు. విచారణలో తేలింది ఇదే. (బలి మాంసం కొనేవాళ్లు దాదాపు లేకుండా పోయారన్న సంగతి కూడా అందులోనే ఉంది.) దాచమని ఇచ్చిన సొమ్ము అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. బ్యాంకులు, రసీదులు ఇప్పటిలా లేని రోజుల్లో, నమ్మి ఇచ్చినవాడికి గట్టి ఆధారమేదీ ఉండదు. అతనే బలహీనుడు.

ఇప్పుడు మన ఫోన్లు. నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం సంఘం గ్రూపులో ఒకాయన ఫోటో వచ్చింది, డబ్బు తీసుకుని మోసం చేశాడు, జాగ్రత్త అని. జనానికి మేలే కదా అనుకుని నాలుగు గ్రూపులకు పంపాను. వారం తర్వాత తెలిసింది, పేరు ఒకరిది, ఫోటో ఇంకొకరిది. ఆ ఫోటోలోని మనిషికి ఒక కూతురు ఉంది, బడికి వెళ్లే వయసు. క్షమాపణ రాసి నాలుగు గ్రూపుల్లోనూ పెట్టాను. మొదటిదాన్ని చదివినంతమంది రెండోదాన్ని చదవలేదు. నిర్గమకాండం 23:1లో మన తెలుగు బైబిల్ "లేని వార్తను పుట్టింపకూడదు" అంటుంది. పుట్టించింది నేను కాదు కదా అని కొన్నాళ్లు సమాధానపడ్డాను. తర్వాత చూస్తే, హెబ్రీలో అక్కడ ఉన్న క్రియకు ఎత్తడం, మోయడం అని అర్థం. లేని వార్తను మోయకూడదు. ఫార్వర్డ్ చేయడానికి అంతకంటే దగ్గరి మాట లేదు.

ఏఐ ప్రార్థన గురించి క్లుప్తంగా. మాటలు దొరకనివాడు రాసిపెట్టిన ప్రార్థన చదువుకోవడం కొత్తేమీ కాదు, కీర్తనల గ్రంథం అందుకే మన చేతిలో ఉంది. నా అభ్యంతరం వేరే చోట. జబ్బుపడ్డ అక్క 'నాకోసం ప్రార్థించండి' అని మెసేజ్ పెడితే, ఆవిడ గురించి ఒక్క నిమిషం కూడా తలవకుండా మిషన్‌తో మూడు పేరాలు రాయించి పంపడం. ఆవిడ అవి చదివి ఏడుస్తుంది. అది ఆవిడను మోసగించడమేనని నా అభిప్రాయం.

ఇక ఆ చీటీ. "మా నాన్నకు వెంటిలేటర్ తీసేయడానికి సంతకం నేనే పెట్టాను. నీకు విశ్వాసం ఉండి ఉంటే ఆయన బతికేవాడని సంఘంలో ఒకరు అన్నారు." అంతే. ప్రశ్న కూడా లేదు.

1957 నవంబరు 24న పోపు 12వ పయస్ మత్తు వైద్యుల ముందు మాట్లాడుతూ ఈ విషయానికి జవాబిచ్చారు. మనలో చాలామందికి పోపు మాట ప్రమాణం కాదని తెలుసు. అయినా వినదగిన మాట. ప్రాణం నిలుపుకోవడానికి మామూలు వైద్యం చేయించడం మన బాధ్యత, మోయలేని భారమయ్యే అసాధారణ వైద్యాన్ని చేయించి తీరాలన్న నియమం లేదు అన్నారు. శ్వాస యంత్రాల గురించే డాక్టర్లు అడిగారు, వాటి గురించే చెప్పారు. జాలితోనైనా సూది వేసి ప్రాణం తీయడం నాకు సమ్మతం కాదు. వైద్యుల చేతులు దాటిపోయాక యంత్రాన్ని ఆపి, రోగం తన దారిన పోనివ్వడం అది కాదు. ఆ మనిషిని దేవుని చేతికి ఇచ్చి పక్కన కూర్చోవడం అది. ఆ సంతకానికి విశ్వాసం చాలలేదని అన్నవారు ఈ హాల్లోనే ఉంటే, దయచేసి ఆ మాట వెనక్కి తీసుకోండి, ఈ రోజే.

అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలమీద కూర్చున్నారు. ఒక్కరూ ఒక్క మాట మాట్లాడలేదు. అప్పటిదాకా వాళ్లు చేసింది సరిగ్గానే ఉంది.

చీటీ మీద పేరు లేదు, ఎవరని నేను అడగను. సభ అయ్యాక వెనక గదిలో నేనూ నా భార్యా ఉంటాం. రండి. మాట్లాడాలని లేకపోతే మాట్లాడనక్కర్లేదు.