ఫైర్‌బాల్‌కి బల్బు లెక్క

మొన్న మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మళ్ళీ అదే గొడవ: మంత్రం పేలితే గోడ చాటు ఎవరిని కాపాడుతుంది? గాబ్లిన్ అనే చిట్టి భూతం ఒకటి పిట్టగోడ చాటున నక్కింది. మా విజార్డు, అంటే మంత్రగాడు, దాని తలమీదుగా ఫైర్‌బాల్ అనే నిప్పుబంతి మంత్రం విసిరితే, అది గోడకి అవతల, గాబ్లిన్ వీపు వెనకాల పేలింది. ఆట నడిపే డీఎం ఏమన్నాడో తెలుసా? "అర కవర్ ఉంది కదా, సేవ్‌కి ప్లస్ 2." అంటే సగం చాటు ఉంది కాబట్టి, దెబ్బ తగ్గించుకోవడానికి వేసే పాచికకి 2 కలపాలట. ఏం కవర్ బాబూ! మంట వీపుకి తగులుతుంటే ముఖం ముందున్న గోడ ఏం కాపాడుతుంది?

[టేబుల్ మీద గ్రిడ్ షీటు, మధ్యలో చిన్న బల్బు]

హాల్లో బల్బు వెలిగింది. బీరువా నీడ ఎటు పడుతుంది? బల్బుకి అవతలి పక్కకి. స్విచ్ వేసినవాడు గుమ్మంలో ఉన్నాడా, వంటింట్లో ఉన్నాడా అన్నది నీడకి అనవసరం. మీ విజార్డు స్విచ్ వేసేవాడు, అంతే. మంత్రం మొదలయ్యే బిందువు, అంటే పాయింట్ ఆఫ్ ఆరిజిన్, అదే బల్బు. 2014 నాటి ఐదో ఎడిషన్ రూలూ ఇదే: ఆ బిందువు నుంచి ప్రభావం తిన్నగా పరుచుకుంటుంది, పూర్తి అడ్డు వెనకున్న చోటికి అందదు. అర కవర్‌కి డెక్స్ సేవ్‌లో (చురుకుదనంతో తప్పుకునే పాచికలో) 2 కలుస్తుంది, ముప్పాతిక కవర్‌కి 5. రెండూ బల్బు వైపు నుంచి చూసే లెక్కలే.

బల్బు గోడ అవతల, కనిపించని చోట పెడతానంటారా? అది గోడకి మీ వైపే వెలుగుతుంది. మూసిన తలుపు అవతల పేల్చబోయి వసారాలో మాడిపోయిన పార్టీలు నాకు తెలుసు. ఒకదాంట్లో నేనూ ఉన్నాను.

ఇక నా ఉదాహరణని నేనే పాడుచేసుకోవాలి. ఆ 2014 రూల్ పుస్తకంలో ఫైర్‌బాల్ మూలలు తిరిగి మరీ వెళ్తుంది. అంటే వెలుతురు కాదు, సాంబ్రాణి పొగ. బీరువా వెనక్కీ వస్తుంది. అలాగని నడవా పొడుగునా పాకించకండి, 20 అడుగుల వ్యాసార్ధం దాటదు. పాకించడం పాత ఆటలో సంగతి. 1978 నాటి రూల్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఫైర్‌బాల్ సుమారు 33,000 ఘనపుటడుగుల మేర, గది ఆకారాన్ని బట్టి నిండేది. ఇరుకు సొరంగంలో వేస్తే మంట వెనక్కి తిరిగొచ్చి వేసినవాడి గడ్డమే కాల్చేది. నాకైతే ఆ రూలే ముద్దు, కానీ ఆట మధ్యలో ఘనపరిమాణం లెక్కలు ఎవడు కడతాడు!

టైమ్ లేదు, మిగతా మంత్రాల ఆకారాలు గబగబా చెప్పేస్తా. కోన్ అంటే టార్చిలైటు: ఎంత దూరమో అంత వెడల్పు. బర్నింగ్ హ్యాండ్స్ మంత్రం 15 అడుగుల దగ్గర 15 అడుగుల వెడల్పు. లైన్ అంటే ట్యూబ్‌లైటు: లైట్నింగ్ బోల్ట్ 100 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. క్యూబ్‌కి బల్బు నడిమధ్యలో కాదు, ఏదో ఒక ముఖం మీద. థండర్‌వేవ్ మంత్రం వేసినవాడికి దెబ్బ తగలనిది అందుకే. గ్రిడ్ మీద ఆడితే బల్బు గడి మధ్యలో కాదు, గీతలు కలిసే చోట పెట్టాలి. గుండ్రటి ప్రభావం గడిలో సగమైనా కప్పితే ఆ గడి లెక్కలోకి వచ్చినట్టే. మీ ఎవొకేషన్ (విధ్వంస మంత్రాల) విజార్డుకి స్కల్ప్ట్ స్పెల్స్ అనే శక్తి ఉంటే మామూలు ఫైర్‌బాల్‌లోంచి నలుగురిని తప్పించగలడు, వాళ్ళు కంటికి కనిపించాలి మరి.

సిలిండరా? మీ వంటింట్లో గ్యాస్ సిలిండర్‌లాగే నిలబెట్టండి. బల్బు అడుగునైనా ఉంటుంది, పైమూతలోనైనా ఉంటుంది.