గుడ్లు, గుడ్డలు, గిడ్డంగి తాళం

అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం అంతర్జాతీయ వాణిజ్యం, పెట్టుబడులు, ఆర్థికాభివృద్ధి కోసం ప్రభుత్వాలు చేసే కృషి. పేరు వింటేనే ఆవలింత వచ్చే అంశం. వెనక వరసలో ఒకరిద్దరు అప్పుడే కుర్చీలో వెనక్కి వాలడం చూశాను. అందుకని సిద్ధాంతాలు పక్కన పెట్టి కోడిగుడ్లతో మొదలుపెడతాను.

1930లో అమెరికా స్మూట్-హాలీ సుంకాల చట్టం చేసింది. మాంద్యం ముంచుకొస్తోంది, రైతులు గగ్గోలు పెడుతున్నారు. బయటి సరుకును ఆపితే మన సరుకుకు గిరాకీ పెరుగుతుందన్నది వాళ్ల లెక్క. వెయ్యిమందికి పైగా ఆర్థికవేత్తలు వద్దు బాబూ అని సంతకాలు చేసి పంపినా, అధ్యక్షుడు హూవర్ ఆ జూన్‌లో చట్టం మీద సంతకం పెట్టేశారు. సుంకం పెరిగిన వందలాది సరుకుల్లో గుడ్లు కూడా ఉన్నాయి. డజనుకు 8 సెంట్లున్నది 10 అయింది. పెరిగింది రెండంటే రెండు సెంట్లు. పైగా కెనడా నుంచి అమెరికాకు వచ్చే గుడ్లు అప్పటికి నామమాత్రమే.

కెనడా ఊరుకుంటుందా? మీ ఇల్లు మాకెంత దూరమో మా ఇల్లూ మీకంతే దూరం అన్నట్టు, తన వైపు 3 సెంట్లున్న సుంకాన్ని 10 చేసింది. 1929లో అమెరికా కెనడాకు 9 లక్షల డజన్లకు పైగా గుడ్లు అమ్మేది. 1932 నాటికి అది 14 వేల డజన్లలోపుకు పడిపోయింది. రైతును కాపాడదామని చేసిన చట్టం రైతు గంపకే చిల్లు పెట్టింది.

ఆ దెబ్బతో అమెరికాయే దారి మార్చింది. విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ పట్టుబట్టగా 1934లో ఇంకో చట్టం వచ్చింది. నువ్వు తగ్గిస్తే నేనూ తగ్గిస్తాను, క్లుప్తంగా ఇదీ దాని సారం. ఆ ఆలోచనే పెరిగి పెద్దదై 1947లో 23 దేశాలు జెనీవాలో కూర్చుని సుంకాలు తగ్గించుకునే గాట్ ఒప్పందం చేసుకున్నాయి, 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ అయింది. ఆ చరిత్రంతా చెప్పను, పుస్తకాల్లో ఉంది. ఒక్కటి మాత్రం గమనించండి. వాణిజ్యం కోసం ప్రభుత్వాలు చేసిన పనులన్నింటిలోకీ పెద్దది, తమ చేతులు తామే కట్టేసుకోవడం. ఇంతకు మించి సుంకం వేయం అని పది దేశాల ముందు రాసిచ్చేశాక, రేపు ఎవరు వచ్చి గగ్గోలు పెట్టినా "ఏం చేయమంటారు, మాట ఇచ్చేశాం" అనొచ్చు. రాజకీయ నాయకుడికి అంతకన్నా మంచి సాకు దొరకదు!

సరే, సుంకాలు తగ్గాయి, తలుపులు తెరుచుకున్నాయి. అమ్మడానికి చేతిలో ఏమీ లేని దేశం ఆ తలుపు ముందు నిలబడి ఏం చేస్తుంది? నేను ఇవాళ ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఇక్కడే.

1970ల చివర బంగ్లాదేశ్‌ను తీసుకోండి. యుద్ధం చేసి స్వతంత్రమైంది. 1974లో కరువు. ఎగుమతి అంటే ప్రధానంగా జనపనార. అటు దక్షిణ కొరియాలో దేవూ అనే పెద్ద కంపెనీకి వేరే ఇబ్బంది. 1974 నుంచి సంపన్న దేశాలు దుస్తుల దిగుమతులకు దేశాలవారీగా కోటాలు పెట్టాయి, కొరియా కోటా నిండిపోయేది. కోటా లేని దేశం కావాలి. ఢాకాలో నూరుల్ ఖాదర్ అనే మాజీ ప్రభుత్వాధికారి దేశ్ గార్మెంట్స్ అనే కంపెనీ పెట్టి దేవూతో ఒప్పందం కుదుర్చుకున్నారు. 1979లో 130 మందిని కొరియాలోని బుసాన్‌కు పంపారు. ఆరేడు నెలలు అక్కడే ఉండి కత్తిరించడం, కుట్టడం, నాణ్యత చూడడం, కొనేవాళ్లతో బేరమాడడం నేర్చుకుని వచ్చారు. 1980లో చిట్టగాంగ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి ఏడు కుట్టిన చొక్కాలు 43 వేలు, చేతికొచ్చింది సుమారు 55 వేల డాలర్లు. చొక్కాకు ఒకటింబావు డాలరు. ఈ అంకె చూస్తే ఏ మంత్రీ రిబ్బన్ కత్తిరించడానికి రాడు.

అయితే ఆ చొక్కా బయటకు వెళ్లడానికి ఏం కావాలో చూడండి. గుడ్డ దేశంలో లేదు, దిగుమతి చేసుకోవాలి. దానికి డాలర్లు కావాలి. దేశం దగ్గరే లేవు, కొత్తగా కంపెనీ పెట్టినవాడి దగ్గర ఎక్కణ్నుంచి వస్తాయి? పోనీ గుడ్డ తెచ్చాడనుకుందాం, రేవులో సుంకం కట్టాలి. ఆ సుంకం కలిపితే చొక్కా ధర పెరిగి కొనేవాడు పక్క దేశానికి పోతాడు. ఎగుమతి చేశాక సుంకం వాపసు ఇస్తాం అంటుంది ప్రభుత్వం. వాపసు ఫైలు సంగతి తెలిసిందే. ఈ బల్ల మీద నెల, ఆ బల్ల మీద మూడు నెలలు. ఈలోగా పెట్టుబడి అందులోనే ఇరుక్కుంటుంది.

ఈ రెండు ముళ్లూ విప్పినవి రెండు మామూలు ఏర్పాట్లు. మొదటిది బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ. న్యూయార్క్‌లో చొక్కాలు కొనేవాడు తన బ్యాంకు ద్వారా ఎల్‌సీ తెరుస్తాడు. అంటే, పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బు ఇచ్చే పూచీ నాది అని బ్యాంకు రాసిచ్చే కాగితం. కుట్టేవాడు ఆ కాగితం తీసుకుని తన బ్యాంకుకు వెళ్తాడు. బ్యాంకు దాన్ని చూసుకుని, గుడ్డ అమ్మేవాడి పేర ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది. గుడ్డ డబ్బు ఇప్పుడే కట్టక్కర్లేదు, కొన్ని నెలల గడువు. ఆలోగా చొక్కాలు కుట్టి, ఓడ ఎక్కించి, డాలర్లు వచ్చాక అందులోంచే గుడ్డవాడికి చెల్లింపు. కుట్టేవాడి జేబులో డాలరు లేకుండానే వ్యాపారం నడిచిపోతుంది. ఆస్తి తాకట్టు పెట్టగలిగినవాడికే అప్పు అనే పాత పద్ధతి పోయి, ఆర్డరు తెచ్చుకోగలిగినవాడికి అప్పు అయింది.

రెండోది బాండెడ్ గిడ్డంగి. గుడ్డ దిగుతుంది, సుంకం కట్టక్కర్లేదు. నేరుగా గిడ్డంగికి వెళ్తుంది. పాత పద్ధతిలో ఇలాంటి గిడ్డంగికి రెండు తాళాలుండేవి, ఒకటి యజమానిది, ఒకటి కస్టమ్స్‌ది. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. లోపలికి ఎన్ని గజాలు వచ్చింది, ఎన్ని చొక్కాలై బయటకు పోయింది, అన్నీ పుస్తకంలో ఎక్కాలి. లెక్క తేలితే సుంకం లేదు. తేలకపోతే గుడ్డ దొడ్డిదారిన బజారుకు పోయినట్టు లెక్క, సుంకం, జరిమానా రెండూ పడతాయి. అవినీతి ఉండదా అంటే ఎందుకుండదు, తాళం ఉన్నచోట దొంగతాళమూ ఉంటుంది. అయినా మొత్తమ్మీద పని నడిచింది.

ఇందులో ప్రభుత్వ ఖజానా నుంచి బయటికి పోయింది దాదాపు సున్నా. శంకుస్థాపన లేదు, శిలాఫలకం లేదు. వాణిజ్య ప్రోత్సాహం అనగానే మనకు పెద్ద సదస్సులు, జెండాలు, కరచాలనాల ఫొటోలు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ గిడ్డంగి పుస్తకం గుర్తొస్తుంది.

ఇదే కోవలో సింగపూర్ 1989లో ట్రేడ్‌నెట్ అని మొదలుపెట్టింది. ఒక సరుకుకు అరడజను కార్యాలయాలు తిరిగి సంపాదించాల్సిన అనుమతులన్నీ ఒకే ఎలక్ట్రానిక్ దరఖాస్తులోకి తెచ్చి, రోజులు పట్టేదాన్ని నిమిషాల్లోకి దించింది. సింగిల్ విండో అనే మాట ఇప్పుడు ప్రతి ప్రభుత్వమూ వాడుతోంది. కొన్నిచోట్ల కిటికీ ఒకటే, దాని వెనక బల్లలు మాత్రం అన్నీ అలాగే ఉంటాయి. రేవుల్లో జాప్యం తగ్గించడానికే ప్రపంచ వాణిజ్య సంస్థలో ప్రత్యేకంగా ఒక ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది.

మళ్లీ ఆ 130 మంది దగ్గరికి వద్దాం. 1987 నాటికి వాళ్లలో 115 మంది దేశ్ గార్మెంట్స్ వదిలిపెట్టి వెళ్లిపోయారు. కొందరు సొంత ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు వేరే కంపెనీల్లో చేరారు. తర్ఫీదు ఇప్పించిన కంపెనీకి అది కడుపుమంట. దేశానికి మాత్రం అదే పంట. బుసాన్‌లో నేర్చుకున్న పనితనం ఒక ప్రహరీ దాటి ఊరంతా పాకింది. ఇవాళ బంగ్లాదేశ్ దుస్తుల ఎగుమతులు ఏడాదికి మూడు, నాలుగు వేల కోట్ల డాలర్ల స్థాయిలో ఉన్నాయి, దేశం మొత్తం ఎగుమతుల్లో 80 శాతానికి పైగా అవే. విదేశీ పెట్టుబడి గురించి ఎవరైనా అంకె చెబితే నేను ఒకటే అడుగుతాను: ఆ కంపెనీ రేపు మూట సర్దుకుని వెళ్లిపోతే, ఇక్కడివాళ్ల చేతుల్లో ఏం మిగులుతుంది?

దేవూకు ఆ విద్య ఎక్కడ అబ్బింది? కొరియా ప్రభుత్వం దగ్గర. 1962లో ఎగుమతుల కోసం కోట్రా అనే సంస్థ పెట్టారు. అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ నెలనెలా ఎగుమతుల సమావేశాలకు తానే కూర్చునేవారు, మంత్రులూ వ్యాపారులూ ఎదురుగా ఉండేవారు. ఎల్‌సీ చూపిస్తే తక్కువ వడ్డీకి అప్పు. 1964లో ఎగుమతులు 10 కోట్ల డాలర్లు తాకాయి, 1977కి 1,000 కోట్లు. రాయితీలు చాలా దేశాలు ఇచ్చాయి. ఎగుమతి చేయలేకపోయినవాడి దగ్గర రాయితీ వెనక్కి లాక్కోవడం కొద్ది దేశాలకే చేతనైంది, కొరియా వాటిలో ఒకటి. దానికి కట్టిన వెల కూడా చెప్పాలి. అది నియంతృత్వం, కార్మిక సంఘాల గొంతు నొక్కారు. 1970 నవంబర్‌లో సియోల్ బట్టల మార్కెట్లో జియోన్ టే-ఇల్ అనే 22 ఏళ్ల దర్జీ కార్మికుడు, కార్మిక చట్టాన్ని అమలు చేయండని అరుస్తూ ఒంటికి నిప్పంటించుకున్నాడు. చట్టం ఉంది, అమలే లేదు. ఎగుమతి అంకెలు చెప్పే ఉపన్యాసాల్లో ఈ పేరు వినపడదు.

ఇక పెట్టుబడుల వేలంపాట. ఒక కంపెనీ ఫ్యాక్టరీ పెడతానంటుంది, నాలుగు రాష్ట్రాలో నాలుగు దేశాలో పోటీ పడి పన్ను మాఫీలు గుప్పిస్తాయి. 2017లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి తైవాన్ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఫాక్స్‌కాన్ 1,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, 13 వేల ఉద్యోగాలు అంది. రాష్ట్రం దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీలకు ఒప్పుకుంది. 2021లో ఒప్పందం తిరగరాశారు. పెట్టుబడి 67 కోట్ల డాలర్లకు, ఉద్యోగాలు 1,454కు దిగాయి, రాయితీ గరిష్ఠంగా 8 కోట్లయింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఒక్క మంచి ఏమిటంటే, ఉద్యోగాలు చూపిస్తేనే రాయితీ అని ఒప్పందంలో రాసుకోవడం వల్ల అందులో అధికభాగం చెల్లించే పని పడలేదు. అందుకని ఎవరైనా ఎంవోయూ చూపిస్తే మొదటి పేజీలోని అంకె చూడకండి, మాట తప్పితే ఏమవుతుందో రాసిన పేజీ వెతకండి. ఆ పేజీయే లేకపోతే మిగతాది చదవడం దండగ.

దీనికి ఎదురుగా కోస్టారికాను పెట్టి చూడండి. సైన్యాన్నే వద్దనుకున్న చిన్న దేశం. 1996లో ఇంటెల్ చిప్‌ల ఫ్యాక్టరీకి చోటు వెతుకుతుంటే పెద్ద పెద్ద దేశాలు పోటీలో ఉన్నాయి. కోస్టారికా ఒక్క కంపెనీకి ప్రత్యేక కానుకలంటూ ఎగబడలేదు. అందరికీ ఉన్న రాయితీలే నీకూ అంది. ఇంటెల్‌కు ఉన్న అనుమానాలు మాత్రం ఒక్కొక్కటే విని తీర్చింది. సాంకేతిక నిపుణులు చాలరంటే, అక్కడి సాంకేతిక విద్యాసంస్థలో కొత్త కోర్సులు పెట్టించింది. ఫ్యాక్టరీ వచ్చింది. 2014లో ఇంటెల్ ఆ తయారీని ఆసియాకు తరలిస్తున్నామని చెప్పింది, సుమారు 1,500 ఉద్యోగాలు పోయాయి. దేశం మునిగిందా? లేదు. ఈలోగా వైద్య పరికరాల కంపెనీలు బోలెడు వచ్చి చేరాయి, ఇప్పుడు ఆ దేశపు ఎగుమతుల్లో వాటిదే పెద్దపీట. ఇంటెల్ కోసం మొదలైన కోర్సుల్లో చదివినవాళ్లకు ఆ చదువు ఇంటెల్‌తో పాటు విమానం ఎక్కి వెళ్లిపోలేదు కదా.

చివరగా మళ్లీ చొక్కాల దగ్గరికే. 2013 ఏప్రిల్ 23న ఢాకా శివార్లలోని సవార్‌లో రాణా ప్లాజా అనే భవనానికి పగుళ్లు కనిపించాయి. దుకాణాలకు, ఆఫీసులకని కట్టిన భవనం. పై అంతస్తులు అనుమతి లేకుండా లేచాయి, వాటిలో కుట్టుమిషన్లు, జనరేటర్లు. అదే భవనంలో ఉన్న బ్యాంకు తన సిబ్బందిని ఇంటికి పంపేసింది. కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్నే పనిలోకి రమ్మన్నారు. 24న భవనం కూలి 1,134 మంది చనిపోయారు. లోపలికి వచ్చిన ప్రతి గజం గుడ్డ ఏమైందో అడిగే ప్రభుత్వం, ఆ గుడ్డ కుట్టే చోట గోడ నిలబడుతుందా అని అడగలేదు.

తర్వాత వచ్చిన మార్పుల్లో గట్టిది, ఆ మే నెలలోనే విదేశీ బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన అకార్డ్ ఒప్పందం. దాని కింద ఇంజనీర్లు ఫ్యాక్టరీలకు వెళ్లి స్తంభాలు, వైరింగు, మెట్లదారులు పరీక్షించారు. ఆ పని ప్రభుత్వం ఎప్పుడో చేయాల్సింది. అంతకుముందు, కూలిన వారంలో, మా చొక్కాలు అక్కడ కుట్టడం లేదని కొన్ని బ్రాండ్లు అంటుంటే, కార్మిక నాయకులు శిథిలాల్లో వెతికి లేబుళ్లు, ఆర్డరు కాగితాలు ఏరి తెచ్చి చూపించాల్సి వచ్చింది.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి, వెనక వరస నుంచి మొదలుపెడదాం.