తాళం వదిలిన క్షణం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రుడి పొగడ్తల్లో సగం తీసేసి వినండి. నాకిచ్చిన అంశం ‘ఇగ్నిషన్ వ్యవస్థ పరిణామం’, అంటే ఇంజనులో పెట్రోలును రవ్వతో అంటించే ఏర్పాటు కథ. దాని గురించి నాలుగు ముక్కలు చెప్పి, ఏళ్లుగా నన్ను తొలుస్తున్న సంగతికి వస్తాను.

1912 కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది. ఆయన రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతే, పాయింట్లూ కండెన్సరూ కాయిలూ, చిన్న చిన్న మార్పులతో దశాబ్దాల పాటు కార్లను నడిపింది. పాయింట్లంటే కాయిల్‌కు వెళ్లే కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే లోహపు జంట. అవి విడివడినప్పుడల్లా ఒక రవ్వ. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే సెకనుకు వంద రవ్వలు. ఇన్నిసార్లు కొట్టుకుంటే అవి అరగక ఏం చేస్తాయి? అందుకే పాత కార్లలో వాటి స్థానంలో, అదే పనిని అరుగుదల లేకుండా చేసే ఎలక్ట్రానిక్ కిట్టు పెడుతున్నాం. పరిణామం ఇంతటితో సమాప్తం.

నిన్నటిదాకా నడిచిన బండి, కిట్టు బిగించగానే స్టార్ట్ కాదు. సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజను అందుకోదు. అప్పుడు అందరి నోటా ఒకటే మాట: ‘కిట్టు చెడ్డది’. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే నా బాగోతం బయటపెట్టక తప్పదు.

నా సొంత కారుకు నేనే కిట్టు పెట్టాను. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు బ్యాలస్ట్ రెసిస్టర్ ఉంటుంది. ఇంజను నడిచేటప్పుడు అది కాయిల్‌కు పూర్తి 12 వోల్టులు అందనివ్వదు. కిట్టుకేమో పూర్తి వోల్టేజీ కావాలి. అంటే దాని ఎర్ర తీగను కాయిల్ ప్లస్‌కు కలపకూడదు. ఇంతవరకు నా చదువు సరిగ్గానే ఉంది. తాళం తిప్పితే 12 వోల్టులు వచ్చే తీగ కోసం వెతికాను. రేడియోకు వెళ్లే తీగ చేతికి అందింది, కలిపేశాను. సెల్ఫ్ కొట్టాను. ఇంజను పలకలేదు. కాయిల్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెడితే వెలిగింది. కరెంటు ఉంది కదా, తప్పు కిట్టుదే అని తీర్పు ఇచ్చేశాను. అమ్మినాయన దగ్గరికి వెళ్లి నాలుగు మాటలు అనేసి, ఇంకొకటి తెచ్చి బిగించాను. అదీ అంతే.

విద్యార్థులూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ల్యాంపు ఎక్కడ పెట్టాను? కాయిల్ దగ్గర. కిట్టు తీగ దగ్గర కాదు. ఎప్పుడు పెట్టాను? తాళం ఆన్‌లో ఉన్నప్పుడు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కాదు. ముప్పై ఏళ్లు ఈ పని చేసినవాడు చేసిన పరీక్ష ఇది.

ఆ సాయంత్రం మా ఆవిడ సీట్లో కూర్చుని తాళం తిప్పుతోంది. నేను బానెట్ కింద తల దూర్చి ఉన్నాను. ‘ఏమండీ, తిప్పినంతసేపూ ఏమీ లేదు కానీ, తాళం వదిలేటప్పుడు ఒక్కసారి అంటుకోబోయినట్టు అనిపిస్తోంది’ అంది. ఇంకోసారి తిప్పమన్నాను. నిజమే, వదిలిన క్షణంలో ఒక్క దగ్గు, అంతే. ల్యాంపును ఎర్ర తీగకు తగిలించాను. ఆన్‌లో వెలుగుతోంది. సెల్ఫ్ కొట్టగానే ఆరిపోయింది. తాళం వదలగానే మళ్లీ వెలిగింది. సెల్ఫ్ లాగేటప్పుడు బ్యాటరీ మీద భారం పడకుండా రేడియోలాంటి వాటికి కరెంటు ఆపేస్తుంది ఆ తాళం. దాంతో పాటు నా కిట్టుకూ ఆపేసింది. తీగను బ్యాలస్ట్‌కు ముందు వైపున్న ఇగ్నిషన్ తీగకు మార్చి, సెల్ఫ్ తిరిగేటప్పుడు కూడా ల్యాంపు వెలుగుతోందని చూసుకుని, తాళం తిప్పాను. అర చుట్టులో అందుకుంది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. అయినా దీన్ని తిరగేసినట్టుండే జబ్బు ఒకటి ఉంది, చెప్పకుండా దిగను. సెల్ఫ్ తిరిగేటప్పుడు అంటుకుని, తాళం వదలగానే ఆగిపోయే బండి. అక్కడ ముందు బ్యాలస్ట్‌ను చూడండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు దాన్ని తప్పించి నేరుగా కరెంటు వచ్చే బండ్లలో, బ్యాలస్ట్ తెగిపోతే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

కిట్టు కోసం డిస్ట్రిబ్యూటర్‌ను, అంటే పాయింట్లు ఉండే, రవ్వను ఒక్కో ప్లగ్గుకూ పంచే డబ్బాను, ఊడదీసినవారికి ఇంకో గొయ్యి ఉంది. క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, రెండు చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఒకటో పిస్టన్ రెండుసార్లు పైకి వస్తుంది. ఇంజను మీది టైమింగ్ గుర్తు మాత్రం రెండుసార్లూ ఒక్కటే. మొదటి ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టండి. గాలి వేలిని నెట్టేస్తే అది కంప్రెషన్. నెట్టకపోతే మీ రోటర్, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరిగే ముల్లు, ఎదురు వైపు చూస్తున్నట్టే, బండి కార్బురేటర్‌లోంచి పేలుతుంది తప్ప నడవదు. ఎర్త్ సంగతీ అంతే. డిస్ట్రిబ్యూటర్ లోపల ప్లేటును ఎర్త్ చేసే సన్నని తీగ పాతబడి తెగి ఉంటుంది. పాయింట్లు విప్పేటప్పుడు మన స్క్రూడ్రైవరే దాన్ని తెంపి ఉంటుంది. ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారు చేసినవాళ్ల కిట్టు మాత్రం నిజంగానే పోతుంది. వాళ్లకు నా సానుభూతి.

బండి అందుకున్న మర్నాడే అమ్మినాయన దగ్గరికి వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. సొరుగు లాగి నా మొదటి కిట్టు బయటకు తీశాడు. దానికి కట్టిన చీటీ మీద ‘పనిచేయదు’ అని నా చేతిరాత. ‘మీరు రాశారని దీన్ని ఎవరికీ అమ్మలేదండీ’ అన్నాడు. డబ్బిచ్చి తెచ్చుకున్నాను. బయట మీరు చూసిన నీలం కారులో ఉన్నది అదే. చీటీ ఇంకా విప్పలేదు. బానెట్ ఎత్తి ఉంచాను, వెళ్లేటప్పుడు చూడండి.