అంగడికి ముందురోజు వంట: మిగిలిన కూరగాయలతో కోడిగుడ్డు పొరటు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఈ భాగాన్ని మహబూబ్‌నగర్‌లోని మా వదిన వంటింట్లో కూర్చుని రికార్డు చేస్తున్నాము. రేపు వీరి వాడకట్టులో అంగడి. ఇవాళ గంపలో మిగిలినవి సగం సొరకాయ, ఏడెనిమిది గోకరకాయలు, వాడిపోయిన ఒక క్యారెట్, ఒక వంకాయ, గుప్పెడు పాలకూర మాత్రమే. వదినా, వీటిలో ఏదీ ఒక పూట కూరకు సరిపోయేలా లేదు కదా.

వదిన: విడివిడిగా చూస్తే సరిపోవు, అందుకే చాలా ఇళ్లలో ఇవి చెత్తబుట్ట పాలవుతున్నాయి. కంచంలో వదిలేసిన అన్నం కంటికి కనబడుతుంది గనుక దానికోసం పిల్లలను మందలిస్తాము, కానీ గంప అడుగున మెత్తబడిపోయిన సగం సొరకాయ గురించి ఎవరూ ఎవరినీ అడగరు. వానలు నమ్మలేని ఈ పాలమూరు నేలమీద బోరు నీళ్లు పెట్టి రైతు పండించిన కాయను అలా పారవేయడం నాకు మనసొప్పదు.

వ్యాఖ్యాత: ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలో జరిగినదేనని ఆ నివేదిక చెబుతోంది.

వదిన: అయితే ఆ వృథాను తగ్గించే పని కూడా వంటింట్లోనే మొదలుకావాలి. ముందు ఏది వాడాలో, ఏది వాడకూడదో చూసుకోవాలమ్మా. వాడిపోయిన క్యారెట్‌ను అరగంట చన్నీళ్లలో ఉంచితే మళ్లీ బిగుసుకుంటుంది. కోసిన వంకాయ నల్లబడినా ఫరవాలేదు, అది గాలి తగలడం వల్ల వచ్చిన రంగు మాత్రమే. జిగటగా మారి వాసన వస్తున్న ముక్కను, పచ్చబడిన ఆలుగడ్డను మాత్రం పొదుపు పేరుతో వండకూడదు.

వ్యాఖ్యాత: నిన్నటి కూర మిగిలితే దానిలో గుడ్డు కొట్టవచ్చా?

వదిన: వండిన రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టిన వేపుడు కూరైతే నిశ్చింతగా కొట్టవచ్చు. పులుసు కూరైతే అందులో ఉడికించిన గుడ్లు వేసి మరిగించుకోవడమే మంచిది. పొరటుకు నీరే శత్రువు. పెళ్లయిన కొత్తలో సొరకాయ ముక్కలు ఇంకా నీరు వదులుతుండగానే నేను గుడ్లు కొట్టేశాను. పసుపు నీళ్లలో తెల్లని తునకలు తేలినట్టయింది, ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు. సొరకాయలో 90 శాతానికి పైగా నీరే ఉంటుంది, ఆ నీరు పోకముందే గుడ్డు పడితే అది ముద్దగా పట్టుకోదు.

వ్యాఖ్యాత: ఇప్పుడు మూకుడు పొయ్యి మీద ఉంది. మీరు చేస్తున్నది శ్రోతలకు కూడా చెప్పండి.

వదిన: నాలుగు గుడ్లకు తరిగిన ముక్కలు రెండు కప్పులు చాలు. అంతకు మించితే గుడ్డు రుచి తెలియదు. గోకరకాయలు తొందరగా మెత్తబడవు గనుక వాటిని సన్నగా తరిగి, ఉప్పు నీళ్లలో ఉడికించి వార్చి పెట్టాను. నూనెలో జీలకర్ర, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేగిన తర్వాత అల్లం, ఎల్లిగడ్డ నూరిన ముద్దను, పసుపును వేశాను. తర్వాత క్యారెట్, వంకాయ, గోకరకాయ వేసి, అవి మగ్గాక సొరకాయను వేశాను. మూత పెట్టలేదు, పెడితే ఆవిరి మళ్లీ నీరై మూకుట్లోనే పడుతుంది. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఈ చప్పుడు విను.

వ్యాఖ్యాత: ఇంతకుముందు బుసబుసమని పొంగిన చప్పుడు ఇప్పుడు సన్నని చిటపటగా మారింది.

వదిన: నీరు పోయి నూనె పైకి తేలిందని ఆ చప్పుడే చెబుతుంది. ఇప్పుడు పాలకూర వేసి, అది అణగగానే ముక్కలను అంచులకు జరిపి, మధ్యలో ఖాళీ చేస్తున్నాను. మంట తగ్గించి, ఒక్కొక్క గుడ్డును ముందు గిన్నెలో కొట్టి చూసుకుని మూకుట్లోకి ఒంపుతున్నాను, ఒకటి చెడినదైతే కూరంతా పాడవుతుంది. అంచులు తెల్లబడేవరకు కదపకూడదు. ఆ తర్వాత అడుగునుంచి గంటెతో మెల్లగా తిరగేయాలి. పచ్చిదనం పూర్తిగా పోవాలి, కానీ గుడ్డు రబ్బరులా సాగకూడదు.

వ్యాఖ్యాత: కొత్తిమీర కాడలను కూడా వేస్తున్నారు.

వదిన: వాసన ఆకులకన్నా కాడల్లోనే గట్టిగా ఉంటుందని నా నమ్మకం. పొయ్యి ఆపేశాను. ఆ జొన్నరొట్టెల గిన్నె ఇలా జరుపు, గుడ్డు వేడి మీదనే తినాలి.